అర్హతను తూచే త్రాసు

ప్రయోగశాలలో త్రాసు ముందు కూర్చున్న విద్యార్థి మొదట చేయవలసిన పని ఒకటి ఉన్నది. పళ్ళెములు రెండూ ఖాళీగా ఉన్నప్పుడు ముల్లు సున్న దగ్గర నిలుస్తున్నదా లేదా అని చూడాలి. నిలవకపోతే, ఆ తరువాత ఎంత జాగ్రత్తగా తూచినా ప్రతి తూకంలోను ఆ తప్పు చేరుతూనే ఉంటుంది. దీనినే క్రమదోషం అంటారు. చేయి వణికినందువల్లనో, గాలి తగిలినందువల్లనో వచ్చే తప్పు వేరు. అది ఒకసారి ఎక్కువగాను, మరొకసారి తక్కువగాను వస్తుంది. పదిసార్లు తూచి సరాసరి తీస్తే చాలావరకు తీరిపోతుంది. అది యాదృచ్ఛిక దోషం. క్రమదోషం వెయ్యిసార్లు తూచినా ఒకేవైపునకు లాగుతుంది. సరాసరి తీసినందువల్ల అది పోదు.

మనుష్యుల అర్హతను తూచడానికి కూడ మనం కొన్ని త్రాసులు తయారు చేసుకొన్నాము. పోటీ పరీక్ష ఒక త్రాసు. ఇంటర్వ్యూ మరొక త్రాసు. పై అధికారి ఏటా వ్రాసే నివేదిక ఇంకొక త్రాసు. ఈ త్రాసులు స్త్రీల విషయంలో ఎట్లా పనిచేశాయి? వాటిలో దోషం ఉన్నట్లు ఎవరు, ఎప్పుడు కనిపెట్టారు? ఏ విధంగా సరిచేశారు? ఈ చరిత్ర మన విద్యార్థులు తప్పక తెలుసుకోదగినది.

హైదరాబాదులో ఈ సంగతి ఆలోచించడానికి చిక్కడపల్లి, అశోక్‌నగర్, నారాయణగూడ ప్రాంతాలకంటే తగిన చోటు లేదు. చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయానికి ఉద్యోగార్థులు సొంత పుస్తకాలు పట్టుకొని వస్తారు. అశోక్‌నగర్ వీధుల నిండా శిక్షణ సంస్థలు, వసతి గృహాలు, నోట్సు అమ్మే దుకాణాలు ఉన్నాయి. రాష్ట్రంలోని అన్ని జిల్లాలనుండి వచ్చిన యువకులు, యువతులు గ్రూప్-1, గ్రూప్-2 వంటి పరీక్షలకు ఇక్కడ ఏళ్ళ తరబడి చదువుతారు. వారి కష్టం సామాన్యమైనది కాదు. పొలం అమ్మి పంపినవారున్నారు. పెండ్లి సంబంధాలను వాయిదా వేస్తూ వచ్చినవారున్నారు. అర్ధమార్కు తేడాతో ఉద్యోగం పోయినవాని మనస్సు ఎట్లా ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు. కాబట్టి "అర్హతను బట్టి ఇస్తే చాలదా? ఆడ, మగ అనే లెక్క ఎందుకు?" అని అతడు అడిగితే ఆ ప్రశ్నను తేలికగా తీసివేయరాదు. దానికి చరిత్ర ఆధారంగా సమాధానం చెప్పాలి.

తలుపు దగ్గరనే ఆగినవారు

త్రాసులో వేయని వస్తువు బరువు తెలియదు. స్త్రీల అర్హత విషయంలో మొదటి చిక్కు ఇదే. చాలాకాలం వారిని త్రాసు దగ్గరకే రానీయలేదు.

హైదరాబాదు వైద్య పాఠశాలలో 1885లో చేరిన తొలి విద్యార్థినులలో రూపాబాయి ఫర్దూన్‌జీ ఒకరు. అప్పుడు ఆ పాఠశాలకు అధిపతి డాక్టరు ఎడ్వర్డ్ లారీ. క్లోరోఫారం ఇచ్చినప్పుడు రోగికి ప్రమాదం గుండెవల్ల వస్తుందా, శ్వాస ఆగినందువల్ల వస్తుందా అనే వివాదాన్ని తేల్చడానికి 1888, 1889 సంవత్సరాలలో హైదరాబాదు క్లోరోఫారం కమిషన్లు ప్రయోగాలు జరిపాయి. ఆ వాతావరణంలో చదువుకొన్న రూపాబాయి రోగులకు మత్తు ఇచ్చే విద్యలో ఆరితేరారు. ఆ పని చేసిన తొలి మహిళా వైద్యులలో ఆమెకు ప్రపంచంలోనే పేరున్నది. చాదర్‌ఘాట్ ఆసుపత్రి సూపరింటెండెంటుగా పనిచేసి 1920లో పదవీ విరమణ చేశారు.

ఇంత ముందుగా ఆమెకు ద్వారం ఎట్లా తెరచుకొన్నది? ఘోషా పాటించే కుటుంబాల స్త్రీలు పురుష వైద్యుని ముందుకు రారు. కనుక స్త్రీ వైద్యులు కావలసి వచ్చారు. ఆడపిల్లల బడులకు ఉపాధ్యాయినులు కావలసి వచ్చినదీ ఈ కారణంగానే. పురుషులు చేయలేని చోట మాత్రమే స్త్రీలకు పని దొరికినదని గమనించాలి. పురుషులు చేయగల పనులలో వారి అర్హతను ఎవరూ తూచి చూడలేదు.

ఉద్యోగానికి ముందు చదువు, చదువుకు ముందు బడి కావాలి. నిజాం రాజ్యంలో తెలుగు మాధ్యమంలో ఆడపిల్లలకు ఉన్నత పాఠశాల కావాలని 1928లో మాడపాటి హనుమంతరావుగారు ఒక బాలికల పాఠశాలను స్థాపించారు. నారాయణగూడలో ఆయన పేరుతో ఉన్న బాలికల పాఠశాల అదే. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో అప్పుడు బోధన భాష ఉర్దూ. తెలుగులో చదివిన ఈ బాలికల పరీక్షలకు ఇక్కడ గుర్తింపు దొరకలేదు. అందుచేత వారు మహారాష్ట్రంలో కర్వే పండితుడు స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయం పరీక్షలకు కూర్చోవలసి వచ్చింది. చదివేది హైదరాబాదులో, ఆ చదువును కొలిచేది వందల కిలోమీటర్ల దూరాన ఉన్న సంస్థ. ఊరిలో ఉన్న త్రాసు వారిని తూచడానికి ఒప్పుకోకపోతే పొరుగుదేశపు త్రాసును వెతుక్కొన్నారన్నమాట. తరువాత 1954లో ఇదే నారాయణగూడలో రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి మహిళా కళాశాల ఏర్పడింది. నేడు చిక్కడపల్లి గ్రంథాలయంలో కూర్చొని చదివే యువతికి దారి వేసినవి ఇటువంటి సంస్థలే.

ఒక తెలుగు ఇంజనీరు

ఇక ఒక తెలుగు స్త్రీ చరిత్ర చూడండి. అయ్యలసోమయాజుల లలితగారు 1919లో మద్రాసులో పుట్టారు. పదిహేనవ ఏట వివాహమైంది. పద్దెనిమిదవ ఏట, ఒడిలో కొన్ని నెలల పసిపాప ఉండగా, భర్త పోయారు. ఆనాటి సంఘంలో ఆ వయస్సు వితంతువు గతి ఎట్లా ఉండేదో పెద్దలకు తెలుసును. ఆమె మాత్రం చదువుకోవాలని నిశ్చయించుకొన్నారు. రాత్రి పగలు అనక పిలిస్తే పోవలసిన వైద్యవృత్తి పసిబిడ్డ తల్లికి కుదరదనుకొని ఇంజనీరింగును ఎంచుకొన్నారు.

గిండీ ఇంజనీరింగు కళాశాలలో అంతకుముందు ఒక స్త్రీ కూడ చేరలేదు. లలితగారి తండ్రి పప్పు సుబ్బారావుగారు అదే కళాశాలలో విద్యుత్ ఇంజనీరింగు ప్రొఫెసరు. ఆయన ప్రిన్సిపాలు చాకోతో మాట్లాడి, విద్యాశాఖ డైరెక్టరు అనుమతి తెచ్చిన తరువాత కుమార్తెకు ప్రవేశం లభించింది. మరుసటి ఏడు పి. కె. త్రేస్యా, లీలమ్మ జార్జి అనే మరి ఇద్దరు విద్యార్థినులు సివిల్ ఇంజనీరింగులో చేరారు. ముగ్గురూ 1943లో పట్టభద్రులైనారు. కళాశాల అచ్చువేసిన పత్రంలో పట్టభద్రుని గురించి "అతడు" అనే అర్థమిచ్చే మాట మాత్రమే ఉన్నది. దానిని కలంతో కొట్టివేసి "ఆమె" అని వ్రాయవలసి వచ్చింది. పత్రం అచ్చువేసినవారికి స్త్రీలపై ద్వేషమేమీ లేదు. స్త్రీ వస్తుందనే ఊహ వారికి లేకపోయింది, అంతే. క్రమదోషాలలో అధికభాగం ఇట్లా ఊహ చాలక వచ్చేవే.

లలితగారు జమాల్‌పూర్ రైల్వే వర్కుషాపులో శిక్షణ పొంది, సిమ్లాలోని కేంద్ర ప్రమాణాల సంస్థలో పనిచేసి, 1948లో కలకత్తాలో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్ అనే సంస్థలో చేరారు. విద్యుత్తును దూరాలకు పంపే తీగమార్గాల రూపకల్పన, సబ్‌స్టేషన్ల అమరిక ఆమె పని. భాక్రా నంగల్ ఆనకట్టకు సంబంధించిన విద్యుత్ పనులలో ఆమెకు పాలున్నది. న్యూయార్కులో 1964 జూన్‌లో జరిగిన మొదటి అంతర్జాతీయ మహిళా ఇంజనీర్ల, శాస్త్రజ్ఞుల సమావేశానికి ఆమె వెళ్ళారు. లండనులోని విద్యుత్ ఇంజనీర్ల సంస్థ 1966లో ఆమెకు పూర్తి సభ్యత్వం ఇచ్చింది. 1979లో మరణించారు. ఆమె సహాధ్యాయిని త్రేస్యాగారు 1971లో కేరళ ప్రజాపనుల శాఖకు చీఫ్ ఇంజనీరు అయ్యారు.

ఈ కథను ఘనతగా చెప్పుకొని ఊరుకోరాదు. లలితగారికి ప్రతిభ ఉన్నది, నిజమే. ప్రతిభతోపాటు ఆ కళాశాలలోనే ప్రొఫెసరుగా ఉన్న తండ్రి కూడ ఉన్నారు. ఆమె అంతటి తెలివి ఉండి, అటువంటి తండ్రి లేని బాలికలు ఆ రోజులలో ఎందరుండిరో లెక్క ఎవరివద్దా లేదు. తూచని వస్తువు లెక్కలోనికి రాదు గదా. పరీక్షలో మొదటివాడుగా వచ్చినవాడు పోటీలోనికి వచ్చినవారిలో మొదటివాడు మాత్రమే. పోటీలోనికి రానీయని వారు ఎందరు అనే ప్రశ్న అతని మార్కులలో కనబడదు.

నెగ్గిన తరువాత

స్వతంత్ర భారతదేశంలో 1950నుండి రాజ్యాంగం అమలులోనికి వచ్చింది. ప్రభుత్వోద్యోగాలలో స్త్రీ అన్న కారణంచేత వివక్ష చూపరాదని 16వ అధికరణం శాసించింది. తలుపు తెరచుకొన్నది. అయితే లోపల మరికొన్ని గడపలు మిగిలిపోయాయి.

1954 నాటి భారత పరిపాలనా సర్వీసు నియామక నిబంధనలలో ఒకటి ఇట్లా ఉండేది: వివాహిత స్త్రీకి ఆ సర్వీసులో నియామకం పొందే హక్కు లేదు, నియామకం పొందిన స్త్రీ తరువాత వివాహం చేసుకొంటే, పనిసామర్థ్యం దృష్ట్యా అవసరమని ప్రభుత్వం తలచినపుడు రాజీనామా కోరవచ్చు. పురుషునికి ఇటువంటి నిబంధన లేదు. ఈ నిబంధనను 1972లో తొలగించారు. పెండ్లి అయిన మరునాడు ఆమె గణితజ్ఞానం కాని, చట్టజ్ఞానం కాని తగ్గిపోదు. మరి ఇక్కడ తూచినది దేనిని? అర్హతను కాదని స్పష్టమే.

విదేశాంగ సర్వీసులో ఇటువంటి నిబంధనలు ఇంకా కొంతకాలం నిలిచాయి. కొడగునుండి వచ్చిన సి. బి. ముత్తమ్మగారు 1949లో ఆ సర్వీసులో చేరిన మొదటి మహిళ. 1970లో హంగేరీకి రాయబారిగా వెళ్ళారు. తరువాత పై హోదా పదోన్నతిలో తనను దాటవేశారని, నిబంధనలే స్త్రీలకు వ్యతిరేకంగా ఉన్నాయని ఆమె సుప్రీంకోర్టుకు వెళ్ళారు. స్త్రీ ఉద్యోగిని వివాహానికి ముందు ప్రభుత్వం అనుమతి వ్రాతపూర్వకంగా పొందాలనే నిబంధన అందులో ఒకటి. కేసు నడుస్తుండగానే ఆమెకు పదోన్నతి ఇచ్చారు. ఆ కారణంగా 1979 సెప్టెంబరులో కేసును ముగిస్తూ జస్టిస్ కృష్ణయ్యర్ ఆ నిబంధనలను తీవ్రంగా విమర్శించి, వివక్ష తొలగేటట్లు వాటిని సరిదిద్దవలసినదని ప్రభుత్వానికి చెప్పారు. ఒక వ్యక్తి ఫిర్యాదువల్ల త్రాసునే పరిశీలించవలసి వచ్చిన సందర్భమిది.

విమాన సంస్థలలో పరిస్థితి వేరొక విధంగా ఉండేది. ఎయిరిండియా విమానాలలో పనిచేసే పరిచారికలు ఉద్యోగంలో చేరిన నాలుగేళ్ళలోపల పెండ్లి చేసుకొన్నా, మొదటిసారి గర్భం ధరించినా, 35 ఏళ్ళు నిండినా ఉద్యోగం విడువవలసి ఉండేది. 1981లో సుప్రీంకోర్టు వీటిలో గర్భానికి సంబంధించిన షరతును కొట్టివేసింది. పెండ్లి షరతును మాత్రం ఉండనిచ్చింది. న్యాయం ఒక్కసారిగా రాలేదని, మెట్టు మెట్టుగా వచ్చినదని దీనివల్ల గ్రహించవచ్చు.

1984 నాటి నియమం

తలుపులు తెరచినంతమాత్రాన స్త్రీలు చాలినంత మంది ఉద్యోగాలలోనికి రాలేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1984 జనవరిలో తన సర్వీసు నిబంధనలలో 22-ఏ అనే నియమాన్ని చేర్చింది. నేరుగా జరిపే నియామకాలలో స్త్రీ పురుషులిద్దరూ సమానంగా తగిన ఉద్యోగాలకు, తక్కిన విషయాలన్నీ సమానమైనప్పుడు స్త్రీలకు ప్రాధాన్యం ఇవ్వాలని, ప్రతి వర్గంలోను నూటికి కనీసం 30 పోస్టులకు స్త్రీలను ఎంపిక చేయాలని దాని సారాంశం. దీని చెల్లుబాటును ఒక అభ్యర్థి కోర్టులో ప్రశ్నించాడు. హైకోర్టు ఆ నియమంలో ఒక భాగం చెల్లదన్నది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్ళింది.

విజయకుమార్ కేసు అని పేరుపొందిన ఈ వ్యవహారంలో 1995లో తీర్పు వచ్చింది. తీర్పు వ్రాసినది జస్టిస్ సుజాతా మనోహర్. స్త్రీలకొరకు ప్రత్యేక ఏర్పాట్లు చేసే అధికారాన్ని రాజ్యాంగంలోని 15వ అధికరణం రాష్ట్రానికి ఇచ్చింది. ఉద్యోగాలు ఆ అధికారానికి వెలుపలివి కావు. శతాబ్దాలుగా సాంఘికంగా, ఆర్థికంగా వెనుకబడిన స్త్రీలకు ఉపాధి కల్పించడం సమానత్వాన్ని సాధించే మార్గమే అని కోర్టు భావించి, నియమాన్ని నిలిపింది. మరుసటి సంవత్సరం, 1996లో, ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీల భాగం మూడోవంతుకు పెరిగింది. తెలంగాణ ఏర్పడిన తరువాత కూడ ఆ మూడోవంతు కొనసాగింది.

లెక్క ఎట్లా చేయాలి?

అశోక్‌నగర్‌లో తరచు వివాదం వచ్చేది ఈ లెక్క దగ్గరనే. కాబట్టి విద్యార్థులు కాగితం మీద వేసుకొని చూడవలసినది.

ఒక వర్గంలో 30 పోస్టులున్నాయనుకోండి. మూడోవంతు అంటే 10. ఈ పదింటిని లెక్కించడానికి రెండు పద్ధతులున్నాయి. మొదటి పద్ధతిలో పదింటిని విడిగా తీసి పక్కన పెడతారు. మిగిలిన 20 పోస్టులను స్త్రీ పురుష భేదం లేకుండా మార్కుల వరుసలో నింపుతారు. అందులో 8 మంది స్త్రీలు వచ్చినా వారిని ఈ పదిలో కలపరు. మొత్తం 18 మంది స్త్రీలవుతారు. దీనిని నిలువు పద్ధతి అంటారు.

రెండవది అడ్డు పద్ధతి. ముందు 30 పోస్టులకూ మార్కుల వరుసలో 30 మందిని తీసుకొంటారు. అందులో స్త్రీలెందరని లెక్కపెడతారు. 12 మంది ఉంటే చేయవలసినదేమీ లేదు. ఆ పన్నెండుగురూ ఉంటారు, ఎవరినీ తీసివేయరు. 7 గురు మాత్రమే ఉంటే, జాబితాలో తరువాత వచ్చే ముగ్గురు స్త్రీలను పైకి తెచ్చి, చివరనున్న ముగ్గురు పురుషులను తగ్గిస్తారు. స్త్రీల భాగానికి ఈ రెండవ పద్ధతే తగినదని రాజస్థాన్‌కు చెందిన ఒక కేసులో సుప్రీంకోర్టు 2007లో వివరించింది. 2024 ఫిబ్రవరిలో తెలంగాణ ప్రభుత్వం ఈ పద్ధతిని పాటించాలని ఉత్తర్వు ఇచ్చింది. దానివల్ల స్త్రీలకు దక్కే పోస్టులు తగ్గుతాయని విమర్శ కూడ వచ్చింది.

రెండు పద్ధతులకు గల తేడా ఒక ఉపమానంతో తెలుస్తుంది. విద్యుత్ ఇస్త్రీపెట్టెలో థర్మోస్టాట్ అనే చిన్న అమరిక ఉంటుంది. వేడి తగ్గినప్పుడు అది విద్యుత్తును కలుపుతుంది. చాలినంత వేడి ఉన్నప్పుడు దానంతట అదే తప్పుకొంటుంది. అడ్డు పద్ధతి ఇటువంటిది. స్త్రీలు తమ మార్కులతోనే మూడోవంతు దాటిన నాడు నియమం పని ఆగిపోతుంది. అది పనిచేస్తున్నంతకాలం ఏదో లోటు ఇంకా ఉన్నదని మనకు తెలుస్తుంది. నియమం తన అవసరాన్ని తానే కొలుచుకొంటుందన్నమాట.

జాబితాలో తగ్గిన ఆ ముగ్గురు యువకుల సంగతి ఏమిటి? వారి నష్టం నిజమైనదే. లేదని చెప్పడం సత్యం కాదు. అయితే జాబితా చివర ఒకటి రెండు మార్కుల తేడా ఎంత నమ్మదగినదో విజ్ఞానశాస్త్ర విద్యార్థి ఆలోచించాలి. ఒకే జవాబు పత్రాన్ని ఇద్దరు పరీక్షకులకు ఇస్తే ఇద్దరూ ఒకే మార్కులు వేయరని ఉపాధ్యాయులందరికీ అనుభవమే. అది యాదృచ్ఛిక దోషం. అంత సన్నని తేడాను పట్టుకొని ఒకరు అర్హులు, మరొకరు అనర్హులు అనడానికి వీలులేదు. ఎక్కడో ఒకచోట గీత గీయక తప్పదు కనుక గీస్తున్నాము. ఆ గీతకు ఇరువైపుల ఉన్నవారు పనిలో దాదాపు సమానులే.

పేరు కనబడినప్పుడు

ఇక క్రమదోషం మాట. అది ఉన్నదని ఊహించడం వేరు, ప్రయోగంతో చూపించడం వేరు.

స్వీడను దేశపు వైద్య పరిశోధన మండలి 1995లో యువ శాస్త్రజ్ఞులకు 20 పరిశోధక పదవులు ప్రకటించింది. 62 మంది పురుషులు, 52 మంది స్త్రీలు దరఖాస్తు చేశారు. పదవులు 16 మంది పురుషులకు, 4 గురు స్త్రీలకు దక్కాయి. క్రిస్టీన్ వెన్నెరోస్, ఆగ్నెస్ వోల్డ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞురాండ్రు న్యాయస్థానం సహాయంతో మూల్యాంకన పత్రాలు సంపాదించి లెక్కలు వేశారు. పురుషునితో సమానమైన మార్కులు రావాలంటే స్త్రీ సుమారు రెండున్నర రెట్లు ఎక్కువ పరిశోధన చూపవలసి వచ్చిందని తేలింది. ఈ ఫలితం 1997లో నేచర్ పత్రికలో వెలువడింది.

అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంవారు 2012లో ప్రకటించిన ప్రయోగం ఇంకా సూటిగా ఉన్నది. ప్రయోగశాల నిర్వాహక ఉద్యోగానికి ఒకే దరఖాస్తును తయారుచేసి 127 మంది విజ్ఞానశాస్త్ర ఆచార్యులకు పంపారు. సగం ప్రతులమీద జాన్ అని పురుషుని పేరు, సగం ప్రతులమీద జెన్నిఫర్ అని స్త్రీ పేరు వేశారు. తక్కినదంతా అక్షరం మారలేదు. జాన్‌కు సగటున 30,000 డాలర్లకు కొంచెం పైగా జీతం ఇవ్వవచ్చునన్నారు; జెన్నిఫర్‌కు 26,500 డాలర్లు చాలునన్నారు. స్త్రీలైన ఆచార్యులు కూడ ఇట్లాగే తూచారు. కాబట్టి ఇది మగవారి దుర్బుద్ధి అని సరిపెట్టుకోవడానికి లేదు. మనందరి ముల్లూ సున్న దగ్గర లేదు.

ఇందుకు విరుగుడు కూడ ప్రయోగంవల్లనే తెలిసింది. హబుల్ అంతరిక్ష దూరదర్శినిని వాడుకోవడానికి ఖగోళ శాస్త్రజ్ఞులు ఏటా ప్రతిపాదనలు పంపుతారు. 2018నుండి ప్రతిపాదించినవారి పేర్లు మూల్యాంకనం చేసేవారికి కనబడకుండా చేశారు. ఆ ఏడాదే మొదటిసారి స్త్రీల విజయశాతం పురుషుల విజయశాతాన్ని కొంచెం మించింది.

ఈ దృష్టితో చూస్తే మన పోటీ పరీక్ష విలువ బోధపడుతుంది. జవాబు పత్రం మీద పేరుండదు, సంకేత సంఖ్య ఉంటుంది. దిద్దేవారికి వ్రాసినది ఆడపిల్లయో మగపిల్లవాడో తెలియదు. ఎన్ని లోపాలున్నా ఈ ఒక్క గుణంచేత వ్రాతపరీక్ష స్త్రీలకు మేలుచేసిన త్రాసు. 2022లో తెలంగాణ ప్రభుత్వం గ్రూప్-1, గ్రూప్-2 ఉద్యోగాలకు ఇంటర్వ్యూలను తీసివేసింది. ముఖం చూచి మార్కులు వేసే అవకాశం ఆ మేరకు తగ్గింది.

మెట్లు ఎక్కేటప్పుడు

ఉద్యోగంలో చేరిన తరువాత సంకేత సంఖ్య ఉండదు. పేరు, ముఖం, ఇంటి పరిస్థితి అన్నీ పై అధికారికి తెలుసును. పదోన్నతి ఆయన వ్రాసే నివేదికపై ఆధారపడుతుంది. 22-ఏ నియమం నేరుగా జరిగే నియామకాలకే చెందినది. పదోన్నతులను అది తాకదు. అందుచేత నేడు అసలు చిక్కు ఈ మెట్ల దగ్గర ఉన్నది.

చట్టం ఇక్కడ కూడ ఆలస్యంగా వచ్చింది. సమాన వేతన చట్టం 1976లో వచ్చినప్పుడు వేతనం, నియామకం గురించి చెప్పింది. పదోన్నతి, శిక్షణ, బదిలీల విషయంలో వివక్ష చూపరాదనే మాట దానిలో 1987 సవరణతో చేరింది. గోప్యంగా వ్రాసే నివేదికలను ఉద్యోగికి చూపాలనే సూత్రం 2008లో దేవదత్ కేసులో స్థిరపడింది. ఆ ఇంజనీరుకు "బాగున్నది" అని వ్రాశారు. పదోన్నతికి "చాలా బాగున్నది" కావాలి. తనకు ఏమి వ్రాశారో తెలియదు కనుక ఆయన అభ్యంతరం చెప్పుకోలేకపోయాడు. చీకటిలో చదివే త్రాసు స్త్రీకైనా పురుషునికైనా అన్యాయమే చేస్తుంది.

సైన్యంలో జరిగినది మరింత బోధపరుస్తుంది. స్త్రీ అధికారులకు శాశ్వత కమిషన్ నిరాకరించరాదని సుప్రీంకోర్టు 2020 ఫిబ్రవరిలో తీర్పు చెప్పింది. తరువాత వారి అర్హతను పరిశీలించారు. పురుష అధికారులను సర్వీసులో ఐదవ లేక పదవ ఏట పరిశీలిస్తారు. స్త్రీలకు ఆ అవకాశం ఆ వయస్సులో ఇవ్వనే లేదు. నలభై దాటిన తరువాత ఇప్పుడు వారికి యువకుల దేహదార్ఢ్య ప్రమాణాన్నే పెట్టారు. పాత నివేదికలను కొలతగా తీసుకొన్నారు. స్త్రీలకు శాశ్వత కమిషన్ రాదని అందరికీ తెలిసిన రోజులలో వ్రాసిన నివేదికలవి. వాటిని శ్రద్ధగా వ్రాయవలసిన అవసరం ఎవరికీ కనబడలేదు. తరువాతి సంవత్సరాలలో వారు చేసిన పనిని లెక్కించలేదు. ప్రమాణం అందరికీ ఒక్కటే అని పైకి కనబడినా, ఫలితంలో అది వివక్షయేనని 2021 మార్చిలో నితీషా కేసులో కోర్టు తేల్చింది. ఒకే త్రాసుతో తూచినంతమాత్రాన సరిపోదని, ఆ త్రాసును ఎవరిని దృష్టిలో పెట్టుకొని తయారుచేశారో చూడాలని ఈ తీర్పు నేర్పుతుంది.

ప్రసవం, శిశుపోషణ మరొక అడ్డంకి. ప్రసూతి సెలవు 1961 చట్టంలో 12 వారాలు ఉండేది. 2017 సవరణతో 26 వారాలైంది. ఇది మంచిదే. కాని ఆ కాలపు జీతం భరించేది చాలావరకు యజమానియే. అందువల్ల చిన్న సంస్థ యజమాని పెండ్లికావలసిన యువతి దరఖాస్తును చూచినప్పుడు ఆమె అర్హతకు బదులు ఆ ఖర్చును లెక్కవేయవచ్చు. ఈ భారాన్ని సాంఘిక బీమా ద్వారానో, ప్రభుత్వ నిధులనుండియో పంచుకోవాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ సూచించింది. 2023లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన క్లాడియా గోల్డిన్ పరిశోధన కూడ, సంపన్న దేశాలలో నేడు స్త్రీ పురుషుల సంపాదనలో తేడా అధికంగా మొదటి బిడ్డ పుట్టిన తరువాతనే మొదలవుతున్నదని చూపింది.

అయినా మెట్లు ఎక్కినవారు లేకపోలేదు. ఎ. శాంతికుమారిగారు 2023 జనవరిలో తెలంగాణ ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి అయ్యారు. రాష్ట్రంలో ఆ పదవి చేపట్టిన మొదటి మహిళ ఆమె. వివాహితకు పరిపాలనా సర్వీసులో హక్కు లేదన్న నిబంధన తొలగిన నాటినుండి లెక్కిస్తే, దీనికి అర్ధశతాబ్దం పట్టింది.

బడిలో చేయదగిన పని

ఈ చరిత్రలో ప్రతి మార్పూ ఒకే విధంగా వచ్చింది. ఎవరో ఒకరు తూకాన్ని నమ్మి ఊరుకోక త్రాసును చూపించమన్నారు. ముత్తమ్మగారు నిబంధనల పుస్తకాన్ని చూపారు. స్వీడను శాస్త్రజ్ఞురాండ్రు మార్కుల పత్రాలను బయటికి తీశారు. సైన్యాధికారిణులు పాత నివేదికలను కోర్టు ముందుంచారు. అర్హత అనే మాటను వారెవరూ కాదనలేదు. దానిని సరిగా కొలవమన్నారు.

ఉపాధ్యాయులు తమ తరగతిలోనే ఒక చిన్న పరిశీలన జరపవచ్చు. పది జవాబు పత్రాలనుండి పేర్లు తీసివేసి, ఇద్దరు ఉపాధ్యాయులు విడివిడిగా దిద్ది, మార్కులను పోల్చి చూడవచ్చు. ప్రయోగ తరగతిలో నెలరోజులపాటు ఒక పట్టిక వ్రాయించవచ్చు: పరికరాన్ని ఎవరు పట్టుకొన్నారు, రికార్డు ఎవరు వ్రాశారు, విరిగిన గాజుముక్కలు ఎవరు ఊడ్చారు? బాలురు పరికరం దగ్గర, బాలికలు రికార్డు దగ్గర ఉన్నట్లు పట్టిక చెబితే, మరుసటి నెల వారిని మార్చి చూడవలసినది. పది సంవత్సరాల తరువాత చిక్కడపల్లి గ్రంథాలయంలో పుస్తకాలు ముందు వేసుకొని కూర్చునే వారిలో మన తరగతి పిల్లలు కూడ ఉంటారు.